పాటల ఉత్తరాలు: చేతి మీద ఇంటూ గుర్తు

కిందటి సంచికలో మైనర్ థ్రెట్ అనే అమెరికా బృందం గురించి కొద్దిగా రాశాను. వాషింగ్టన్ నగరపు కుర్రాళ్లు. 1980లో మొదలుపెట్టి 1983లో ఆపేశారు. తాగం, పొగ పీల్చం, మత్తు జోలికి పోము అని గొంతు చించుకుని పాడారు. ఆ పాటల నుంచి పుట్టిన పద్ధతినే స్ట్రెయిట్ ఎడ్జ్ అంటారు, ఆ సంగీతాన్ని హార్డ్‌కోర్ అంటారు. ఆ వ్యాసం మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ నల్గొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

*

మా అబ్బాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు చూస్తే రెండు చేతుల వెనక నల్ల మార్కరుతో పెద్ద ఇంటూ గుర్తులు ఉన్నాయి. అందరికీ జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కాడు. మా అన్నయ్య గ్లాసులో కల్లు పోసి ఇస్తే మాత్రం, ‘నేను తాగను మామా’ అని పక్కన పెట్టేశాడు. అన్నయ్య అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. రాత్రంతా వీడి గదిలో ఎవరో అరుస్తున్న పాటలే. ఇది ఏదైనా మతమా, ముఠానా? నాకు భయంగా ఉంది.
— ఒక తల్లి, దేవరకొండ

అమ్మా, మతమూ కాదు, ముఠా కూడా కాదు. దీనికి గురువు లేడు, చందా లేదు, పేరు నమోదు చేసుకునే పుస్తకం లేదు. ఆ గుర్తు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అది తెలిస్తే మీ భయం చాలావరకు పోతుంది.

1980 వేసవిలో టీన్ ఐడిల్స్ అనే బృందం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పాడటానికి వెళ్లింది. అందరూ ఇంచుమించు మీ అబ్బాయి ఈడువాళ్లే. వాళ్లు పాడవలసిన మబుహే గార్డెన్స్ అనే చోట మద్యం కూడా అమ్ముతారు. తాగే వయసు రానివాళ్లు లోపలికి వస్తే యజమానికి చిక్కు. అందుకని ఆ కుర్రాళ్ల చేతుల మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి లోపలికి పంపారు. ఆ గుర్తు కనబడితే కౌంటరు దగ్గర మద్యం పోయరన్నమాట. ఊరికి తిరిగి వచ్చాక వీళ్లు ఇదే ఉపాయాన్ని వాషింగ్టన్‌లోని 9:30 క్లబ్బు వాళ్లకు చెప్పారు. మా చేతుల మీద గుర్తు వేయండి, మేము తాగం, పాట విననిస్తే చాలు అని. పిల్లలు పాట దగ్గరికి వెళ్లడానికి కనిపెట్టిన దారి అది. ఆ తరువాత తాగే వయసు దాటినవాళ్లు కూడా తమ ఇష్టంతో అదే గుర్తు వేసుకోవడం మొదలుపెట్టారు. టీన్ ఐడిల్స్ రికార్డు అట్ట మీద బొమ్మ కూడా అదే. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు పిడికిళ్లు, వాటి మీద ఇంటూ గుర్తులు.

ఆ బృందంలో ఉన్న ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ తరువాత మైనర్ థ్రెట్ పెట్టారు. 1981లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డులో 8 పాటలు ఉంటాయి. అన్నీ కలిపినా పది నిమిషాలు పట్టవు. అందులో ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అన్న పాట నిడివి 46 సెకన్లు. నేనూ నీలాంటి మనిషినే, నాకు చేయవలసిన పనులు వేరే ఉన్నాయి, మత్తులో పడి ఉండటానికి తీరిక లేదు అన్న మాటే పాటంతా. ప్రకాశం బజారులో నేను క్యాసెట్ల దుకాణం నడిపిన కాలంలో అమెరికా నుంచి వచ్చిన ఒక మిత్రుడు ఆ టేపు తెచ్చి ఇచ్చాడు. నకలు తీస్తుంటే రికార్డరు మీద శబ్దాన్ని చూపించే ముల్లు ఎర్ర గీత దాటి అక్కడే ఉండిపోయింది. పాటకూ పాటకూ మధ్య మాత్రం కిందికి పడేది. శబ్దం అంత దట్టంగా ఉన్నా, పాడేవాడు ఎవరినీ తిట్టడం లేదని కాగితం మీద మాటలు రాసుకుంటే గాని నాకు తెలియలేదు. మీ అబ్బాయి గదిలో మీరు విన్న అరుపు ఆ జాతిదే.

ఇక మీ అన్నయ్య సంగతి. మన వైపు గ్లాసులో పోసి ఇవ్వడం ప్రేమకు గుర్తు. వద్దంటే పోసిన మనిషినే వద్దన్నట్టు మనసుకు తగులుతుంది. ఆయన అలగడంలో తప్పు పట్టను. కానీ ఒకటి ఆలోచించండి. అదే పిల్లవాడు అయ్యప్ప మాల వేసుకుని ఉంటే, మీ అన్నయ్య గ్లాసు చేతికి ఇచ్చేవారా? 41 రోజులు ఆ పిల్లవాడు ముట్టకపోతే ఊరంతా గౌరవిస్తుంది, ఎవరూ బలవంతం చేయరు. మీవాడు మాల లేకుండా ఆ గౌరవమే అడుగుతున్నాడు. పైగా వాడు కోపంగా అనలేదు. మామా అని పిలిచి, ఒక్క మాటతో ఊరుకున్నాడు. తాగే వాళ్లను చిన్నచూపు చూసే పిల్లవాడు కాళ్లకు మొక్కడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాణ్ణే మేనమామ ఇంటికి పంపండి. ఆయన గ్లాసులో కల్లు, వీడి గ్లాసులో మజ్జిగ పోసుకుని ఇద్దరూ ఒక మంచం మీద కూర్చుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. మీరు కూడా ఆ పాటల్లో ఒకటి పెట్టమని అడగండి. ఏమంటున్నాడో తెలుగులో చెప్పమనండి. చెప్పడానికి వాడు ఎంత ఇష్టపడతాడో మీరే చూస్తారు.

*

మా నాన్న రోజూ కల్లు దుకాణానికి వెళ్తారు. ఒకరోజు తాగకపోతే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, రాత్రి నిద్ర పట్టదు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతారు. మీరు రాసిన బృందం పాటలు విని నేను జీవితంలో తాగనని ఒట్టు పెట్టుకున్నాను. నాన్నను కూడా గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించాలనుకుంటున్నాను.
— ఇంటర్ విద్యార్థి, నాగర్‌కర్నూల్ జిల్లా

నాయనా, తాళం వేయవద్దు. ఈ ఉత్తరంలో నువ్వు మిగతావి చదవకపోయినా ఆ మాట ఒక్కటి గుర్తుంచుకో.

నువ్వు చెప్పిన లక్షణాలు చెట్టు కల్లు తాగేవాళ్లకు మామూలుగా వచ్చేవి కావు. తాటి కల్లయినా ఈత కల్లయినా దించిన కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది, నిలవ ఉండదు. చెట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి కొన్నిచోట్ల నీళ్లలో తీపి కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతారు. చివరి రెండూ వైద్యులు నిద్రకు, ఆందోళనకు చీటీ రాసి ఇచ్చే మందులు. రోజూ వాటికి అలవాటు పడిన శరీరానికి ఒక్కసారిగా అందకపోతే వణుకు, భ్రమలు, ఫిట్సు వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2015లో దాడులు జరిగి కల్తీ కల్లు సరఫరా ఉన్నపళంగా ఆగిపోయినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఎంతోమంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. తాగడం వల్ల కాదు, ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల.

మీ నాన్నను ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లు. వాళ్లు మందు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. వెళ్లే ముందు మాట్లాడాలంటే 14416కు ఫోను చెయ్యి. టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే సలహాకు 14446 ఉంది. రెండూ ఉచితం. ఫిట్సు వస్తే ఆలోచించకుండా 108కి చెయ్యి. మీ అమ్మకు ఈ నంబర్లు గోడ మీద రాసిపెట్టు.

నీ ఒట్టు నాకు చాలా ఇష్టమైంది. దాన్ని నిలుపుకో. కానీ ఆ పాటలు పెట్టి నాన్నను సిగ్గుపడేలా చేయవద్దు. నువ్వు తాగకూడదని ఎంచుకున్నావు, ఆ ఎంపిక చేసుకునే బలం నీ ఒంట్లో ఉంది. ఆయన ఒంట్లోని ఆ బలాన్ని ఎవరో లాభం కోసం పొట్లం కట్టి లాగేశారు. నీ కోపం ఆ పొడి కలిపినవాడి మీద ఉండాలి.

*

మేము నలుగురం. ఒక గిటారు, అరువు తెచ్చిన బేస్ గిటారు ఉన్నాయి. డ్రమ్ములు లేవు, కానీ మాలో ఒకడు డప్పు అద్భుతంగా కొడతాడు. మైనర్ థ్రెట్ లాంటి బృందం పెట్టాలని ఉంది. ఇంగ్లిషులోనే పాడాలా? ఎంత డబ్బు కావాలి? మా ఊళ్లో ఎక్కడ వాయించాలి?
— పాలిటెక్నిక్ విద్యార్థులు, జడ్చర్ల

ఈ ఉత్తరం చదివి నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఇలాంటి ఉత్తరం కోసమే ఈ శీర్షిక నడుపుతున్నాను.

గిటారు వాయించేవాడు ముందు పవర్ కార్డు, అంటే రెండు స్వరాలను కలిపి మోగించే పట్టు, నేర్చుకోవాలి. చూపుడు వేలు లావు తీగ మీద, ఉంగరపు వేలు దాని పక్క తీగ మీద రెండు మెట్లు ముందుకు. అంతే. ఆ చేతి ఆకారం మారకుండా తీగల మీద పైకీ కిందికీ జరుపుతూ పోతే ఈ సంగీతంలో సగం పాటలు వచ్చేస్తాయి. కష్టమంతా కుడిచేతిది. ఆగకుండా కిందికే కొడుతూ ఉండాలి, ముంజేయి పట్టేస్తుంది. రోజూ కాసేపు ఒకే కార్డును వేగం తగ్గకుండా కొట్టండి. డ్రమ్ముల మీద వీళ్ల దరువు చాలా సూటిగా ఉంటుంది. కాలితో ఒక బరువైన దెబ్బ, చేతితో ఒక పదునైన దెబ్బ, ఒకదాని వెంట ఒకటి, పరుగు వేగంతో.

మీ డప్పు మిత్రుడికి ఇది కొత్త కాదు. చిర్రతో బరువు దెబ్బ, చిటికెన పుల్లతో పదును దెబ్బ వేస్తే అదే దరువు వస్తుంది. మొదలుపెట్టే ముందు డప్పును మంట దగ్గర బాగా కాచమనండి. గిటారు శబ్దం పక్కన బిగువు తగ్గిన డప్పు వినబడదు. మధ్యమధ్యలో మళ్లీ కాచుకోవలసి వస్తుంది, అందుకే లోపల వాయించేటప్పుడు ఇంకో డప్పు సిద్ధంగా పెట్టుకోవడం మంచిది. పాట మధ్యలో వేగాన్ని ఒక్కసారిగా సగానికి తగ్గించి బరువుగా నడిపించే భాగం ఒకటి ఉంటుంది, దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ఊరేగింపులో దరువు మార్చినప్పుడు జనం అడుగు ఎలా మారుతుందో మీవాడికి తెలుసు. అక్కడ అతని మాటే వినండి. డ్రమ్ముల సెట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, డప్పుతోనే మొదలుపెట్టండి. అమెరికాలో ఎవరూ వినని హార్డ్‌కోర్ మీ దగ్గర పుడుతుంది.

తెలుగులో పాడండి. దీంట్లో నాకు ఏ సందేహమూ లేదు. వాషింగ్టన్ కుర్రాళ్లు తమ వీధిలో మాట్లాడే మాటల్లోనే పాడారు. మీ వీధి జడ్చర్లలో ఉంది. పైగా ఈ సంగీతానికి ప్రాణం ఏమిటంటే, పల్లవి దగ్గర పాడేవాడు మైకు ముందుకు చాపితే ముందు వరుసలోని వాళ్లు ఎగబడి అందుకోవడం. బృందంలోని మిగతావాళ్లూ వాళ్లూ కలిసి ఒక్క గొంతుతో అరుస్తారు. మనకు వంత పాడటం అంటే తెలియదా? పాత నల్గొండ జిల్లా సుద్దాలలో స్థిరపడిన హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను సాయుధ పోరాట కాలంలో ఊరూరా తిప్పారు. ముఖ్య గాయకుడు ఒక మాట అందిస్తే పక్కవాళ్లు అందుకుంటారు, జనం అందుకుంటారు. చదువు రానివాడికి కూడా రెండోసారికి పల్లవి వచ్చేయాలి. మీ పాట రాసేటప్పుడు అదే పరీక్ష పెట్టుకోండి. పల్లవిలో నాలుగైదు మాటలకు మించవద్దు. పాట రెండు నిమిషాలు దాటవద్దు. మీ బస్టాండు వెనక బెల్టు షాపు గురించి రాస్తే, ఆ షాపు ముందు ఏం పడి ఉంటుందో చూసి రాయండి. ‘సమాజం’, ‘వ్యవస్థ’ లాంటి పెద్ద మాటలు పాటలో పెడితే పాట అక్కడే చచ్చిపోతుంది.

డబ్బు. టీన్ ఐడిల్స్ ఆగిపోయినప్పుడు వాళ్ల దగ్గర కార్యక్రమాల మీద వచ్చి దాచుకున్న కొద్దిపాటి డబ్బు ఉంది. పంచుకోవచ్చు. పంచుకోలేదు. దానితో ఆగిపోయిన బృందం పాటలనే రికార్డుగా తెచ్చారు. అందుకోసం మెకాయ్, నెల్సన్, బృందంలో పాడిన నేథన్ స్ట్రెజెక్ కలిసి 1980లో డిస్కార్డ్ అనే సొంత సంస్థ పెట్టారు. మొదట 1,000 రికార్డులు చేయించారు. అట్టలు చేయించే స్తోమత లేక, వేరే రికార్డు అట్ట ఒకదాన్ని విప్పి, దాని ఆకారాన్ని గీసుకుని, అచ్చు వేయించిన కాగితాలను కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. మిత్రులందరూ కూర్చుని చేశారు. ఆ సంస్థ అమ్ముడుపోకుండా ఇప్పటికీ నడుస్తోంది. 1987లో మెకాయ్ మొదలుపెట్టిన తరువాతి బృందం ఫుగాజీ ఎంత పేరు వచ్చాక కూడా టికెట్టు 5 డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టింది. ఏ వయసు వాళ్లనైనా లోపలికి రానిచ్చే చోటే వాయించింది. మీకు ఇంతకన్నా సులువు. మంచి ఫోను ఒకటి గది మూలలో ఎత్తుగా పెట్టి రికార్డు చేస్తే మొదటి పాటలకు అది చాలు.

చోటు విషయం. మూఢం రోజుల్లో, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. మధ్యాహ్నం మూడు గంటలకు అడిగితే అద్దె బాగా తగ్గిస్తారు. ఆరున్నరకల్లా ముగించండి, అప్పుడు అమ్మాయిలు కూడా చివరి బస్సు గురించి భయపడకుండా వస్తారు. మైకుకు పోలీసు స్టేషన్లో ముందే అనుమతి తీసుకోండి. గుమ్మం దగ్గర మీ అమ్మల్లో ఒకరిని కూర్చోబెట్టి మజ్జిగ అమ్మించండి. మద్యం వాసన ఉన్నవాడిని లోపలికి రానివ్వాలా వద్దా అని మీలో వాదన వస్తుంది. గొడవ చేయనంతవరకు రానివ్వండి. మీ పాట వినవలసిన మనిషి అతనే.

తేదీ ఖాయం అయ్యాక నాకు కార్డు రాయండి. నేను వస్తాను.

*

మా స్నేహితులం ఏడుగురం మత్తు ముట్టమని ప్రమాణం చేసి చేతుల మీద గుర్తు వేసుకున్నాం. మాలో ఒకడు బస్టాండు వెనక సిగరెట్టు తాగుతూ దొరికాడు. వాణ్ణి కొట్టి బుద్ధి చెప్పాలని కొందరు అంటున్నారు. నియమం అంటే నియమం కదా?
— ఒక పాఠకుడు, వనపర్తి

కాదు. మీరు కొడితే ఆ గుర్తు చెరిపేసుకోవలసింది మీ ఆరుగురే.

ఈ దారిలో మీకన్నా ముందు నడిచినవాళ్లు ఉన్నారు. 1980ల మొదట్లో బోస్టన్ నగరంలో ఎస్‌ఎస్‌డీ అనే బృందం చుట్టూ చేరిన కుర్రాళ్లు గుండు గీయించుకుని, కార్యక్రమాల్లో ఎవరి చేతిలోనైనా బీరు కనబడితే ఎగరగొట్టేవాళ్లు. వాళ్ల సంగీతంలో గొప్ప శక్తి ఉంది, నేను ఇప్పటికీ వింటాను, కానీ ఆ చేష్ట నాకు నచ్చదు. 1990లలో సాల్ట్ లేక్ సిటీలో ఇది ఇంకా ముదిరింది. స్ట్రెయిట్ ఎడ్జ్ పేరుతో తిరిగే కొందరు దాడులకు దిగారు. పోలీసులు వాళ్లను ముఠాల జాబితాలో చేర్చారు. తాగని పిల్లలు, పొగ పీల్చని పిల్లలు, చేతుల్లో గొలుసులు. ఏ తల్లి అయినా తాగుబోతు కొడుకు కన్నా వీడే నయమని అనుకోగలదా?

ఈ ప్రమాదం మైనర్ థ్రెట్ ఉన్న రోజుల్లోనే వాళ్లకు ఎదురైంది. ‘అవుట్ ఆఫ్ స్టెప్’ అనే పాటలో పొగ పీల్చను, తాగను, శరీర సుఖం కోసం వెంటపడను అని వరసగా వస్తాయి. పాడేటప్పుడు ‘నేను’ అన్న మాట సరిగా వినబడక, చాలామంది అది ఇతరులకు ఇచ్చిన ఆజ్ఞ అనుకున్నారు. ఆ ‘నేను’ స్పష్టంగా ఉండాలని డ్రమ్ముల నెల్సన్ పట్టుబట్టాడు, బృందంలో గట్టి వాదన జరిగింది. 1983లో ఆ పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు మధ్యలో సంగీతం తగ్గించి, ఇవి ఎవరికీ నియమాలు కావని మెకాయ్ మాటల్లోనే చెప్పాడు. తాను ఏ ఉద్యమాన్నీ మొదలుపెట్టలేదని ఆ తరువాత కూడా ఎన్నోసార్లు చెప్పాడు. ఎవరి గుర్తును మీరు చేతి మీద వేసుకున్నారో ఆయన మాట ఇది.

మీ స్నేహితుడి దగ్గరికి ఒక్కరే వెళ్లండి. ఎవరు చూశారు, ఎలా దొరికావు అన్న పంచాయతీ వద్దు. ఇంట్లో ఎలా ఉంది, పరీక్షలు ఎలా రాశావు అని అడగండి. కావాలంటే గుర్తు వేసుకుంటాడు, వద్దంటే మానేస్తాడు. క్రికెట్టుకు మాత్రం రోజులాగే పిలవండి.

*

దూబగుంట ఆడవాళ్లు సారా మాన్పించిన నేల మనది. ఎవరో అమెరికా పిల్లల అరుపులు మనకు ఆదర్శమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

మాస్టారూ, ఆ ఉద్యమం ఎక్కువ బరువైనది, ఆ మాట మీతో కలిసి అంటాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ వేడి మన జిల్లాలకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. వాళ్లు తన్నులు తిన్నారు, కూలి డబ్బులు పోగొట్టుకున్నారు, వాళ్లది బతుకు పోరాటం. వాషింగ్టన్ పిల్లల్లో చాలామంది కడుపు నిండిన ఇళ్లవాళ్లు.

అయితే 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మన ఊళ్లలో కిరాణా కొట్టు వెనక కూడా సీసా దొరుకుతుంది. ఆ అమ్మల పోరాటంలో మగపిల్లలు చాలావరకు పక్కన నిలబడి చూశారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఎవరూ చెప్పకుండా, తన మిత్రుల మధ్య నిలబడి, సంతోషంగా ‘నేను తాగను’ అని ఎగిరి గంతులు వేసే చోటు మనకు ఎక్కడుంది? గుళ్లో ఉంది, దీక్షలో ఉంది. యువకుడికి ఇష్టమైన శబ్దంలో లేదు. ఆ ఖాళీలోకి ఈ పాట వస్తే నేను తలుపు తీస్తాను. మీరు జడ్చర్ల పిల్లల కార్యక్రమానికి నాతో రండి, దూబగుంట కథ వాళ్లకు చెప్పండి. పాట కట్టేస్తారు.

*

స్ట్రెయిట్ ఎడ్జ్ వాళ్లు మాంసం తినకూడదా? మాది గొర్రెల మంద.
— కల్వకుర్తి

తినవచ్చు. మొదట్లో ఆ ప్రస్తావనే లేదు. యూత్ ఆఫ్ టుడే అనే బృందం 1980ల చివర్లో శాకాహారం గురించి గట్టిగా పాడింది. దాని గాయకుడు రే కాపో తరువాత కృష్ణభక్తుడై షెల్టర్ అనే బృందం పెట్టాడు. 1990లలో సిరక్యూజ్ నగరపు ఎర్త్ క్రైసిస్ పాలు, తోలు కూడా వద్దంది. వాళ్లు తిరగబడింది యంత్రాల మీద వేలకొద్దీ పశువులను కోసే కార్ఖానాల మీద. మందతో పాటు ఎండలో నడిచే మీ బతుకు వాళ్లకు తెలియదు. మీ గొర్రెలు సల్లగుండాలి.

*

ఈ సంగీతం వినాలని ఉంది, కానీ వీడియోల్లో అంతా మగపిల్లలు ఒకరి మీద ఒకరు దూకుతున్నారు. మాలాంటి వాళ్లకు అక్కడ చోటు ఉందా? వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

చోటు ఎవరూ ఇవ్వలేదమ్మా, అక్కడి అమ్మాయిలు తీసుకున్నారు. 1981లోనే వాషింగ్టన్‌లో చాక్ సర్కిల్ అనే బృందం ఉంది, అందరూ అమ్మాయిలే. కానీ వేదిక ముందు తోపులాట ముదిరినకొద్దీ అమ్మాయిలు గోడ దగ్గరికి జరిగిపోయారన్నది నిజం. ఈ సంగీతం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. తాగను అని పాడి, పక్కనున్న పిల్ల పక్కటెముక విరగ్గొడితే ఆ పాటకు అర్థం లేదు. దీన్ని పట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఫుగాజీ కార్యక్రమంలో ఎవడైనా ఇతరులను గాయపరిచేలా ఎగబడితే మెకాయ్ పాట ఆపి, వాణ్ణి పేరుపెట్టి పిలిచినట్టు చూపించి మందలించేవాడు. వినకపోతే ఆ 5 డాలర్లు చేతిలో పెట్టి బయటికి పంపేవారు. 1990ల మొదట్లో బికినీ కిల్ అనే బృందం గాయని కాథ్లీన్ హన్నా, అమ్మాయిలు ముందుకు రండి, మగవాళ్లు వెనక్కి జరగండి అని వేదిక మీద నుంచే చెప్పేది. అది స్ట్రెయిట్ ఎడ్జ్ బృందం కాదు, కానీ నీ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది. జడ్చర్ల వాళ్లకు కూడా ఇది చదవమని చెబుతున్నాను. ముందు వరుస సగం అమ్మాయిలకు వదలండి.

వినడానికి ముందు మైనర్ థ్రెట్ 1981 రికార్డు తీసుకో. మాటల కాగితం పక్కన పెట్టుకుని ఒకసారి, కాగితం లేకుండా ఒకసారి విను. తరువాత 1983 నాటి ‘అవుట్ ఆఫ్ స్టెప్’. దాంట్లో బేస్, గిటారు విడివిడిగా వినబడతాయి, వాళ్లు ఎంత నేర్చుకున్నారో తెలుస్తుంది. వీళ్లకు వేగం నేర్పినవాళ్లు బ్యాడ్ బ్రెయిన్స్, అదే నగరపు నల్లజాతి యువకులు. వాళ్లు స్ట్రెయిట్ ఎడ్జ్ కారు, కానీ వాళ్లు లేకపోతే ఇదేదీ లేదు. 1982లో వాళ్ల మొదటి ఆల్బం రికార్డుగా కాకుండా క్యాసెట్‌గానే వచ్చింది. ఆ తరువాత యూత్ ఆఫ్ టుడే 1986 ఆల్బం, గొరిల్లా బిస్కట్స్ 1989 ఆల్బం ‘స్టార్ట్ టుడే’. ఈ రెండోది నీకు బాగా నచ్చుతుందని నా నమ్మకం, గుంపు గొంతులు దాంట్లో చాలా హాయిగా ఉంటాయి. ఎర్త్ క్రైసిస్ చివర్లో విను, చాలా బరువు. ఇయర్‌ఫోన్లలో శబ్దం సగానికి మించి పెంచవద్దు. ఈ రికార్డులు తక్కువలో పెట్టినా గట్టిగానే వినబడతాయి.